రెండు సెంట్ల గొడవ, ఒక రోవర్ కర్ర: పదో తరగతి పాప దారి వెతికిన కేస్

నేను శిక్షణ తీసుకున్న కెరీర్ కౌన్సెలర్ని కాదు, ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు "తర్వాత ఏంటి" అనే విషయం చూసే పని కూడా మా హెచ్ఎం నా నెత్తిన పెట్టారు. మొదట్లో అదేదో ఏడాదికి ఒకసారి చార్టు అంటించి, ఇంటర్ గ్రూపుల పేర్లు చదివే పని అనుకున్నాను. ఈ ఒక్క పాప విషయంలో రెండేళ్లు తిరిగాక ఆ పని చేసే పద్ధతే మారిపోయింది. మా మండలంలో మిగతా టీచర్లు అడుగుతున్నారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా తప్పులతో సహా. పాప పేరు, ఊరి పేరు రాయను.

2022–23లో పాప తొమ్మిదో తరగతి. నాన్న చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ పని చేస్తాడు. అమ్మ సీజన్లో పొగాకు గ్రేడింగ్‌కి, మిగతా రోజుల్లో ఉపాధి పనికి వెళ్తుంది. అన్న బీటెక్‌లో చేరి, పదకొండు సబ్జెక్టులు బ్యాక్‌లాగ్ పెట్టుకుని, చదువు వదిలేసి ఒంగోలులో సెల్‌ఫోన్ షాపులో పని చేస్తున్నాడు. ఈ పదకొండు బ్యాక్‌లాగ్‌లు కథలో మళ్లీ వస్తాయి. ఆ ఇంట్లో ఇంజనీరింగ్ అనే మాట ఎత్తితే చాలు, వాళ్ల నాన్న మొహం తిప్పేసుకునేవాడు.

పాప చదువులో బాగానే ఉండేది. క్లాసులో మొదటి ఐదుగురిలో ఒకతి. లెక్కల్లో చురుకు. మాట తక్కువ.

ఏడాది మొదట్లో అందరికీ తెల్లకాగితం ఇచ్చి "నువ్వు పెద్దయ్యాక ఏమవుతావు" అని రాయమన్నాను. సగానికి పైగా డాక్టర్, పోలీస్, టీచర్. ఒకడు "ఐపీఎస్ లేదా కండక్టర్" అని రాశాడు, వాడి నిజాయతీ నాకు నచ్చింది. పాప "డాక్టర్" అని రాసింది. ఎందుకమ్మా అని అడిగితే చాలాసేపు ఆలోచించి "అందరూ నమస్తే పెడతారు మేడం" అంది. నవ్వేశాను గానీ, ఆ మాటను అప్పుడు పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే ఆరు నెలలు కలిసొచ్చేవి.

తర్వాత నేను చేసిన పని ఏంటంటే, హాలండ్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త మనుషుల ఆసక్తుల్ని ఆరు రకాలుగా విభజించిన పద్ధతి ఒకటి ఉంది కదా, దాని మీద తయారైన ప్రశ్నల్ని కూర్చుని తెలుగు చేసి పిల్లలతో నింపించాను. "ప్రయోగశాలలో పని చేయడం నాకు ఇష్టం", "ఇతరుల సమస్యలు పరిష్కరించడం నాకు ఇష్టం" లాంటి వాక్యాలు, ఎదురుగా అవును, కాదు. పాపకి పరిశోధన, సేవ రెండింట్లోనూ ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంకేముంది, డాక్టరే, లేదంటే నర్సింగ్, లేదంటే ల్యాబ్ టెక్నీషియన్, బైపీసీ ఖాయం అని నా డైరీలో రాసేసుకున్నాను.

అసలు మా బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. అందులో పని చేయడం ఇష్టమా అని అడిగితే పిల్లలు ఏం చెప్తారు? అడుగుతున్నది టీచర్ కాబట్టి అవును అంటారు. పైగా ఏ ప్రశ్నకి అవునంటే మేడం సంతోషపడతారో పిల్లలకి బాగా తెలుసు. ఆ ప్రశ్నావళి చెడ్డదని అనను, నాలుగైదు రకాల పనులు కళ్లారా చూసిన పిల్లలకి అది ఉపయోగపడుతుందేమో. పనే చూడని పిల్లలకి అది కాగితం మీద కాగితం, అంతే.

కొత్త జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్ని పది రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లో పనివాళ్ల దగ్గరికి పంపమని ఉంది. వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, ఇలా. మా తొమ్మిదో తరగతి దాని కిందికి రాదు, కానీ ఆలోచన బాగుందని అప్పుగా తెచ్చుకున్నాను. ముందు ఒక చిన్న పని ఇచ్చాను: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎవరెవరు ఏం పని చేస్తుంటే చూశావో రాసుకురా. ఉద్యోగం పేరు వద్దు, చేతులతో ఏం చేస్తున్నారో రాయి."

పాప రెండు పేజీలు రాసుకొచ్చింది. మిగతావాళ్లు అర పేజీ. అందులో అమ్మ ఉంది, పాలాయన ఉన్నాడు, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఉన్నాడు, ఏఎన్ఎం ఉంది. ఒక పేజీ నిండా మాత్రం ఒకే మనిషి: గ్రామ సచివాలయం సర్వేయరు.

అప్పట్లో వాళ్ల ఊళ్లో భూముల రీసర్వే నడుస్తోంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలుపెట్టి ఒక్కో ఊరూ చేసుకుంటూ వచ్చారు. ఇంతకుముందు సర్వే అంటే గొలుసు, ఇప్పుడు డ్రోన్లు, రోవర్లు. రోవర్ అంటే మనిషి ఎత్తు దాటిన ఒక కర్ర, పైన పుట్టగొడుగులా ఒక పరికరం, ఉపగ్రహాల నుంచి సంకేతాలు తీసుకుని ఆ కర్ర మొన ఎక్కడుందో సెంటీమీటర్ల తేడాతో చెప్తుంది. కర్ర మధ్యలో చిన్న నీటి బుడగ ఉంటుంది. ఆ బుడగ వలయం మధ్యలోకి వచ్చేదాకా కర్రను నిటారుగా సరిచేయాలి. ఆ బుడగ గురించి పాప నాలుగు వాక్యాలు రాసింది. "అక్క బుడగ వంక చూస్తూ ఊపిరి బిగబట్టింది. బుడగ ఆగాక ఊపిరి వదిలింది. అప్పుడు ఫోన్‌లో నొక్కింది." సర్వేయరు అమ్మాయే, ఇరవై ఆరేళ్లుంటాయేమో.

వాళ్ల తాతకి ఊరి పక్కన చిన్న పొలం చెక్క ఉంది. దస్తావేజులో 35 సెంట్లు. పక్క పొలం వాళ్లు రెండు సెంట్లు కలిపేసుకున్నారని ఆయన ఇరవై ఏళ్లుగా తిడుతున్నాడు. రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు, పెళ్లిళ్లకి పిలుపుల్లేవు. సర్వేయరు వచ్చి నాలుగు మూలలా కర్ర పెట్టి, పాత ఎఫ్ఎంబీ నక్షా, అంటే పాత సర్వే కొలతల పటం, తీసి చూపించింది. నక్షాలోనూ 33 సెంట్లే, నేల మీదా 33 సెంట్లే. రెండు సెంట్లు ఎవరూ తినలేదు. ఎప్పుడో దస్తావేజు రాయించినప్పుడు కొలవకుండా నోటికొచ్చిన అంకె వేశారు. తాత ఒప్పుకోలేదనుకోండి, యంత్రం తప్పు చెప్తోందన్నాడు. పాప మాత్రం నాతో అన్న మాట: "ఇరవై ఏళ్ల గొడవ మేడం, అరగంటలో తేలిపోయింది. కర్ర పట్టుకున్న అక్కకి అందరూ కుర్చీ వేశారు, కూల్‌డ్రింక్ తెచ్చారు."

అప్పుడు నాకు ఆ నమస్తే మాట గుర్తొచ్చింది. పాప చెప్పింది డాక్టర్ అనే ఉద్యోగం గురించి కాదు. వచ్చి, చూసి, తేల్చి చెప్పే మనిషికి ఊళ్లో ఉండే విలువ గురించి. ఊళ్లో అలాంటి మనిషి ఇన్నాళ్లూ డాక్టర్ ఒక్కడే కనిపించాడు, ఇప్పుడు ఇంకొకరు కనిపించారు.

ఇక్కడ నేను వెంటనే సర్వేయర్ అని రాసుకుని ఉంటే మళ్లీ అదే తప్పు చేసినట్టు. అందుకని మూడు పనులు చేయించాను. మొదటిది మా బడి వెనక స్థలం కొలవడం. నాలుగు వైపులా వంకర టింకరగా ఉంటుంది. ఎనిమిదో తరగతిలో చెప్పిన పాఠమే: కర్ణం లాగి, దాని మీదికి రెండు లంబాలు, కర్ణంలో సగాన్ని లంబాల మొత్తంతో హెచ్చించడం. పాప, ఇంకో నలుగురు కలిసి టేపుతో కొలిచారు. కర్ణం 62 మీటర్లు, లంబాలు 24, 19. వైశాల్యం 1,333 చదరపు మీటర్లు. సెంటుకి సుమారు 40.47 చదరపు మీటర్లు కాబట్టి 33 సెంట్లకి కొంచెం తక్కువ. "మా తాత చెక్కంత ఉంది" అని తనలో తనే నవ్వుకుంది. మిగతా నలుగురూ ఎండకి మొహాలు వేలాడేసుకుని చెట్టు కిందకి పోయారు. ఈ పిల్ల మళ్లీ రెండో కర్ణం మీద కొలిచి రెండు జవాబులూ సరిపోతున్నాయా లేదా చూసింది. నేను చెప్పలేదు.

రెండోది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక పూట. డాక్టర్ అన్నది కాబట్టి అదీ చూడాలి. రక్తం చూసి భయపడుతుందేమో అనుకున్నాను, భయపడలేదు. విసుక్కుంది. "ఒకటే జ్వరం, ఒకటే బిళ్లలు మేడం" అంది. ఒక పూట చూసి వైద్యవృత్తి మీద తీర్పు ఇవ్వకూడదు నిజమే, కానీ అక్కడ తను కుతూహలంగా చూసింది మందుల స్టాక్ రిజిస్టర్‌ని.

మూడోది లాయర్. గొడవలు తేల్చడం ఇష్టమైతే న్యాయశాస్త్రం ఎందుకు కాకూడదని నాకే అనిపించింది. మా పూర్వ విద్యార్థి ఒకతను ఒంగోలు కోర్టులో ప్రాక్టీస్ చేస్తాడు, బడికి పిలిచాను. గంటసేపు మాట్లాడాడు. పాప ఒక్కటే అడిగింది, "ఒక భూమి కేసు ఎన్నేళ్లు పడుతుంది సార్?" ఆయన నిజం చెప్పాడు. అంతే, ఆ దారి అక్కడే ఆగిపోయింది.

పదో తరగతికి వచ్చాక బోర్డు మీద ఒక బొమ్మ గీయడం మొదలుపెట్టాను. అది అందరి కోసం, పాప కోసమే కాదు. ఏ గ్రూపు తీసుకుంటే ఏ ఉద్యోగం వస్తుందనే చార్టు అన్ని బళ్లలో ఉంటుంది. నేను గీసింది దానికి తిరగేసింది: ఏ గ్రూపు తీసుకుంటే ఏ తలుపు మూసుకుపోతుంది. ఎంపీసీ తీసుకుంటే ఎంబీబీఎస్, పశువైద్యం మూసుకుపోతాయి, బీఫార్మసీ మూసుకోదు, ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. బైపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్‌లో దాదాపు అన్నీ మూసుకుపోతాయి. సీఈసీ తీసుకుంటే సైన్స్ దారులు పోతాయి గానీ సీఏ, లా, డిగ్రీలు, గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలు అన్నీ ఉంటాయి. సీఈసీ అంటే మొద్దు పిల్లల గ్రూపు అనే మాట మా స్టాఫ్ రూములోనే వినిపిస్తుంది, ఆ మాట అన్నవాళ్లతో నేను రెండుసార్లు గొడవ పడ్డాను. పాలిటెక్నిక్ తీసుకుంటే మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ చేసినా, ఇంటర్ ఒకేషనల్ చేసినా వెనక్కి తిరిగి పై చదువుకి వచ్చే సందులు ఉన్నాయి, కొన్ని ఇరుకు, కొన్ని విశాలం. పదిహేనేళ్ల పిల్లని "జీవితమంతా ఏం చేస్తావో ఇప్పుడే చెప్పు" అని నిలదీయడం కన్నా "ఇది తీసుకుంటే ఏది వదులుకుంటున్నావో తెలుసా" అని అడిగితే వాళ్లు నిజంగానే ఆలోచిస్తారు. అడిగిన ప్రతిసారీ చూశాను.

సచివాలయం సర్వేయర్ పోస్టులు 2019లో పడ్డప్పుడు అర్హత ఏముందో తీసి పాపకి చూపించాను. సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ఐటీఐ, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్, ఇవన్నీ పనికొచ్చాయి. అంటే గమ్యం ఒకటే, దారులు మూడు. డిప్లొమాకి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 120 మార్కులు, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, పదో తరగతి సిలబస్సే.

జనవరి వచ్చేసరికి పీఆర్వోలు దిగారు. బయటి వాళ్లకి ఈ మాట తెలియకపోవచ్చు, ప్రైవేటు జూనియర్ కాలేజీల తరఫున పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు సంపాదించి ఇంటింటికీ తిరిగేవాళ్లు. పరీక్షలు రాయకముందే సీటు, ఇవాళ ఐదు వేలు కడితే ఫీజులో సగం తగ్గింపు. పాప వాళ్లింటికి ఒకాయన మూడుసార్లు వెళ్లాడు. అమ్మాయికి బైపీసీ, నీట్ కోచింగ్‌తో కలిపి, డాక్టర్ గ్యారంటీ. పాప అమ్మ గ్రేడింగ్ కూలి డబ్బుల్లోంచి ఐదు వేలు తీసి పక్కన పెట్టిందని తెలిసి ఆదివారం పూట వాళ్లింటికి వెళ్లాను.

ఆ పూట మాటలు రాస్తాను, ఎందుకంటే కౌన్సెలింగ్ అనేది నిజంగా జరిగింది అక్కడే.

నాన్న ముందే అనేశాడు: "మేడం, మీరు ఏమన్నా చెప్పండి, ఇంజనీరింగ్ మాట మాత్రం వద్దు. ఒకడు చేసింది చాలు."

నేను ఇంజనీరింగ్ అనలేదు, సివిల్ డిప్లొమా అన్నాను. ఆయనకి రెండూ ఒకటే. "సివిల్ అంటే ఇటుకలు, సిమెంటు. ఆడపిల్లని ఎండలో నిలబెట్టడానికా మేం చదివించేది? క్వారీలో నేను పడుతున్నది చాలదా?"

అన్న ఇంట్లోనే ఉన్నాడు, గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు, "నాకు ఈసీఈ బ్రాంచి ఎందుకిచ్చారో నాకే తెలీదు మేడం. సీటొచ్చిందన్నారు, పోయాను. ఇది అట్టా కాదు, వారం రోజులు ఆ సర్వే అక్క వెనకాలే తిరిగింది." ఆ ఇంట్లో ఆ రోజు అందరికన్నా పనికొచ్చిన మాట అదే, నా మాటలు కావు.

అమ్మ ఏమీ అనలేదు. నేను లేచి వచ్చేటప్పుడు వాకిట్లోకి వచ్చి చిన్న గొంతుతో అడిగింది: "పొలాల్లో తిరిగే పని కదా మేడం, ఒంటికి పోవాల్సొస్తే ఎట్టా?"

నా దగ్గర జవాబు లేదు. కెరీర్ పుస్తకాల్లో జీతం ఉంటుంది, అర్హత ఉంటుంది, ఈ ప్రశ్న ఉండదు. మరుసటి వారం ఆ సర్వేయర్ అమ్మాయినే బతిమాలి వాళ్లింటికి తీసుకెళ్లాను. ఆమె, పాప అమ్మ ఇద్దరూ వంటగదిలో అరగంట మాట్లాడుకున్నారు, నన్ను రానివ్వలేదు. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు. బయటికొచ్చాక అమ్మ ఆ ఐదు వేలు పీఆర్వోకి ఇవ్వనని చెప్పింది. సర్వేయర్ వెళ్తూ వెళ్తూ నాతో, "పని కష్టమే, దాచలేదు మేడం. పొద్దున ఏడింటికి వెళ్లి పది లోపు ముగించుకునేలా చూసుకుంటామని, రైతుల ఇళ్లలో ఆడవాళ్లు బాగా చూస్తారని చెప్పాను" అంది.

ఇక తేదీల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, పిల్లలు దారి తప్పేది ఎక్కువగా ఇక్కడే. "ముందు పది పాసవ్వనీ, తర్వాత చూద్దాం" అనే మాట ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 2024లో పది పరీక్షలు మార్చి 30కి అయిపోయాయి. ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. పాలిసెట్ ఏప్రిల్ 27న. అంటే ఫలితాలొచ్చాక ఆలోచిద్దామనుకున్న పిల్లకి పాలిసెట్ దరఖాస్తు గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. అందరూ ఐఐఐటీ అని పిలిచే ఆర్జీయూకేటీకి మాత్రం ఫలితాల తర్వాతే దరఖాస్తు, పదో తరగతి మార్కుల మీదే సీటు, ప్రభుత్వ బడి పిల్లలకి అదనంగా 4 శాతం కలుపుతారు. పాలిటెక్నిక్ క్లాసులు జూన్‌లో మొదలైతే, ఐఐఐటీ జాబితా జులైలో వచ్చింది. ఈ వరుస తెలియకపోతే చేతిలో ఉన్నది వదిలి రానిదాని కోసం కూర్చోవడమో, రాబోయేది తెలియక ఉన్నదాంట్లో ఇరుక్కోవడమో జరుగుతుంది.

ఫిబ్రవరిలోనే పాప చేత దరఖాస్తు పెట్టించాను. పరీక్షలయ్యాక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉచిత కోచింగ్‌కి వెళ్లింది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

నా మొదటి పెద్ద తప్పు సర్టిఫికెట్ల దగ్గర బయటపడింది. కౌన్సెలింగ్‌లో నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మా బడిలో ఆరు నుంచి పది వరకు ఉన్నాయి, కింది తరగతులు వాళ్ల ఊరి ప్రాథమిక పాఠశాలలో చదివిందని నేనే అనేసుకున్నాను. తీరా చూస్తే నాన్న రెండేళ్లు కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలో పని చేసినప్పుడు పాప నాలుగు, ఐదు తరగతులు అక్కడ చదివింది. మే నెల, బళ్లకి సెలవులు. ఆ బడి హెచ్ఎం నంబరు కోసం మూడు రోజులు ఫోన్లు, చివరికి నాన్న రాత్రి బస్సెక్కి వెళ్లి రెండు రోజులు అక్కడే పడుకుని తెచ్చాడు. రెండు రోజుల కూలి, బస్సు ఛార్జీలు, అన్నీ నా నిర్లక్ష్యం ఖర్చు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది. క్వారీ పని, మేస్త్రీ పని చేసే ఇళ్ల పిల్లలు ఎక్కడెక్కడ చదివారో ఇప్పుడు తొమ్మిదో తరగతిలోనే ఒక కాగితం మీద రాయించుకుంటున్నాను.

వెబ్ ఆప్షన్ల రోజు నెట్ సెంటర్‌లో ఇంకో తమాషా. ఆప్షన్లు పెట్టే అబ్బాయి పాప ర్యాంకు చూసి "ఇంత ర్యాంకుకి సివిల్ ఏంటమ్మా, కంప్యూటర్ పెట్టుకో" అని తనే మొదటి వరుసలో కంప్యూటర్ బ్రాంచి పెట్టేశాడు. పాప మౌనంగా స్క్రీన్ చూస్తూ కూర్చుంది. నేను నోరు తెరవబోయి ఆగాను. ఒక నిమిషం అయ్యాక, "అన్నా, ఒకటోది తీసెయ్. సివిల్ పెట్టు. రెండోదీ సివిలే, కాలేజీ మార్చు" అంది. మాట తక్కువ పిల్ల అని మొదట్లో రాశాను కదా. హాస్టల్ ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సివిల్ సీటు వచ్చింది, జిల్లా దాటి.

రెండో తప్పు పూర్తిగా నాది. జులైలో ఐఐఐటీ మొదటి జాబితాలో పేరు లేదు, తర్వాతి విడతలో పిలుపొచ్చింది. మా బడి నుంచి అంతకుముందు ఒక్కరే వెళ్లారు. నేను ఎగిరి గంతేశాను. హెచ్ఎం గారు ఫ్లెక్సీ కొలతలు కూడా మాట్లాడేశారు. శనివారం బస్సెక్కి పాలిటెక్నిక్ హాస్టల్‌కి వెళ్లి గంటన్నర పాపకి నచ్చజెప్పాను. ఆరేళ్లు, రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, అందులోనూ సివిల్ ఉంది, లోపలే హాస్టల్, ఇంకేం కావాలి? పాప విని, "మేడం, మీరే కదా ఏ తలుపు మూసుకుపోతుందో చూసుకోమన్నారు. ఇక్కడ మూడేళ్లకి ఒక సర్టిఫికెట్ చేతికొస్తుంది. అక్కడ నాలుగో ఏడాది కష్టమైతే అన్నయ్యలాగా ఇంటికి రావాలి" అంది.

ఆ మాట పూర్తిగా సరైందని ఇప్పటికీ అనుకోను. మధ్యలో ఆపినా పీయూసీ ఇంటర్‌తో సమానం, చేతిలో ఏమీ ఉండదని కాదు. దీర్ఘకాలం చూస్తే ఐఐఐటీ మేలయ్యేదేమో కూడా. కానీ ఆ రోజు బస్సులో తిరిగొస్తూ నన్ను నేను అడుక్కున్నాను, ఇంత దూరం వచ్చింది పాప కోసమా, ఫ్లెక్సీ కోసమా అని. జవాబు రాయడానికి సిగ్గుగా ఉంది.

డిప్లొమాలో మొదటి ఏడాది మొత్తానికి కలిపి ఒకటే పరీక్ష. అందులో పాప లెక్కల పేపరు తప్పింది. లెక్కల్లో! నేను నమ్మలేదు. ఫోన్ చేస్తే ఏడ్చింది. తెలుగు మీడియం పిల్ల, అక్కడ అంతా ఇంగ్లిష్, త్రికోణమితి, మాత్రికలు వేగంగా చెప్పుకుంటూ పోయారు, అడగడానికి మొహమాటం. తప్పిన సంగతి ఇంట్లో చెప్పలేదు, "అన్నయ్యకీ ఇట్టానే మొదలైంది మేడం" అంది. ఆ నెల రోజులు రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్‌లో రోజుకి నాలుగు లెక్కలు చేశాం. ఇంగ్లిష్ మాటకి ఎదురుగా తెలుగు మాట రాసుకున్న ఒక చిన్న నోట్‌బుక్ తయారైంది. డిటర్మినెంట్ అంటే నిర్ధారకం, ఇలా రెండొందల మాటలు. సప్లిమెంటరీలో పాసైంది. సీటొచ్చేదాకా తోడున్న టీచర్లం సీటొచ్చాక చేతులు దులుపుకుంటాం, అసలు కష్టం మొదలయ్యేది ఆ మొదటి ఆరు నెలల్లోనే. ఆ నోట్‌బుక్ జిరాక్స్ తీయించి ఇప్పుడు పాలిటెక్నిక్‌కి వెళ్లే ప్రతి పిల్లకీ ఇస్తున్నాను.

ఇదే క్లాసులో నేను పట్టించుకోని పిల్లలూ ఉన్నారు. ఐపీఎస్ లేదా కండక్టర్ అన్నవాడు పీఆర్వోకి అడ్వాన్స్ కట్టి ఎంపీసీలో చేరాడు, ఆరు నెలలకే మానేసి లారీ క్లీనర్‌గా వెళ్లాడు. వాడు రాసిన కాగితం నా దగ్గర ఉంది. "కండక్టర్ ఎందుకు" అని నేను వాడిని అడగనే లేదు. ఒక పిల్ల మీద రెండేళ్లు పెట్టిన టీచర్ మిగతా ముప్ఫై మందికి ఎంత పెట్టిందని ఎవరైనా అడిగితే నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. ఇప్పుడు ఆ "నిన్న ఎవరెవరు పని చేస్తుంటే చూశావు" కాగితం అందరి చేతా రాయిస్తున్నాను, ఒక్కొక్కరితో పది నిమిషాలైనా కూర్చుంటున్నాను. పది నిమిషాలు చాలవు.

ఈ కేసులో ఇంకో లొసుగు ఉంది, దాన్ని దాచడం బాగోదు. పాప ఏ ఉద్యోగాన్ని చూసి ఈ దారి పట్టిందో, ఆ సచివాలయం సర్వేయర్ పోస్టులు ఒకేసారి వేల సంఖ్యలో భర్తీ అయ్యాయి. తను డిప్లొమా ముగించేది 2027లో. అప్పటికి కొత్త నోటిఫికేషన్ ఉంటుందని నేనెలా చెప్పగలను? ఈ మాట మొదట్లోనే చెప్పాను, మధ్యలోనూ చెప్పాను. రైల్వేలో జూనియర్ ఇంజనీర్ పరీక్షకి, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జేఈకి సివిల్ డిప్లొమా చాలు, ఈసెట్ ఎలాగూ ఉంది, ప్రైవేటులో రోడ్ల పనులకీ లేఅవుట్లకీ సర్వే చేసేవాళ్లు కావాలి. ఈ జాబితా అంతా విని తను ఒక కాగితం మీద రాసుకుని గోడకి అంటించుకుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు బడికొచ్చింది. చేతిలో సర్వే ప్రాక్టికల్ రికార్డు. ఆటో లెవెల్ అనే పరికరంతో హాస్టల్ నుంచి గేటు దాకా ఎత్తులు తీసిన పట్టిక చూపించి, ఒక చోట తనకి వచ్చిన అంకెకీ లెక్చరర్ అంకెకీ మూడు మిల్లీమీటర్ల తేడా ఉందని, ఎవరిది తప్పో తేలలేదని చెప్పింది. "మళ్లీ తీస్తానంటే వద్దులే అన్నారు మేడం." ఆ మూడు మిల్లీమీటర్ల గురించి పావుగంట మాట్లాడింది. తాత ఏమంటున్నాడని అడిగాను. పక్క పొలం వాళ్లింట్లో పెళ్లికి ఈసారి పిలిచారట, వెళ్లాడట, రెండు సెంట్ల మాట మాత్రం అక్కడ కూడా ఎత్తాడట.